అలర్జీకి ఆకు మందు: వాడేముందు, వాడేటప్పుడు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కార్తీకం వచ్చిందంటే మా వీధి తుమ్ములతోనే నిద్ర లేస్తుంది. తెల్లవారుజాము మంచు, కళ్ళాల్లో నూర్పుల దుమ్ము, కట్టెపొయ్యిల పొగ, వానాకాలంలో గోడలకు పట్టిన చెమ్మ, అన్నీ ఒకేసారి ముక్కు మీద పడతాయి. ఎవరి అరుగు మీద కూర్చున్నా ఒక ఆకు పేరు చెబుతారు. పసుపు పాలు తాగమని ఒకరు, తిప్పతీగ నమలమని ఒకరు, సంతలో పొడి దొరుకుతుంది కొనమని ఇంకొకరు.

ఆ ఆకుల్లో ఏమీ లేదని నేను అనను. కొన్నింటిలో చాలా ఉంది. ఉంది కాబట్టే వాటిని మందుని చూసినట్టు చూడాలి. పేరు తెలుసుకోవాలి, కొలవాలి, రాసుకోవాలి, ఎక్కడ ఆగాలో ముందే అనుకోవాలి. మా ఇంట్లో కొన్ని పొరపాట్లు జరిగాక మేం నేర్చుకున్న పద్ధతి ఇది. మీ ఇంట్లో ఆ పొరపాట్లు జరగకూడదనే రాస్తున్నాను.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

ఆకు తర్వాత. మొదట రెండు వారాలు ఏ కొత్త మందూ మొదలుపెట్టకుండా రోజూ పొద్దున్న, రాత్రి నాలుగు విషయాలు రాయండి: తుమ్ములు, ముక్కు కారడం, ముక్కు బిగుసుకోవడం, కళ్ళ దురద. ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు మార్కులు వేయండి. పక్కనే ఆ రోజు ఏం చేశారో ఒక ముక్క రాయండి. పరుపు దులిపాం, కళ్ళానికి వెళ్ళాం, అగరొత్తి వెలిగించాం, అలాగ. ఇప్పటికే డాక్టరు రాసిన మందులు వాడుతుంటే వాటిని మార్చకండి, అవి వేసుకుంటూనే రాయండి.

ఇది విసుగు పనే. కానీ అలర్జీ తనంతట తాను పెరిగి తగ్గే జబ్బు. గాలి మారితే తగ్గుతుంది, వాన పడి దుమ్ము అణగితే తగ్గుతుంది. ఆ వారమే మీరు తులసి కషాయం తాగి ఉంటే పేరంతా తులసికి వెళ్తుంది. ముందు లెక్క లేకపోతే తర్వాత లెక్కకు అర్థం ఉండదు.

ఈ రెండు వారాల్లోనే అసలు ఇది అలర్జీయో కాదో కూడా కొంత తెలుస్తుంది. జలుబైతే ఒళ్ళు నొప్పులు, గొంతు నొప్పి, కొందరికి జ్వరం వచ్చి వారం పది రోజుల్లో దిగిపోతుంది. అలర్జీలో దురద ముఖ్యం. ముక్కులో, కళ్ళలో, అంగిట్లో దురద. వరసగా ఎనిమిదీ పదీ తుమ్ములు, నీళ్ళలా కారడం, ప్రతి ఏడూ అదే కాలంలో, లేదా రోజూ అదే వేళకి. రాత్రి దగ్గు, ఛాతీలో పిల్లికూత ఉంటే అది ఆస్తమా కావచ్చు. దానికి వంటింటి వైద్యంతో మొదలుపెట్టకండి, ముందు డాక్టరు చూడాలి.

ఆకు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోండి

అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో ఐజీఈ అనే ప్రతిరక్షకాలు మాస్ట్ కణాలనే ఒక రకం కణాల మీద అంటుకుని కాచుకుని ఉంటాయి. పుప్పొడో, దుమ్ము పురుగుల రెట్టో లోపలికి వచ్చి వాటికి తగిలిందంటే ఆ కణాలు పగిలినట్టుగా హిస్టమిన్‌ని బయటికి వదులుతాయి. దురద, వాపు, నీళ్ళు కారడం అంతా అక్కడినుంచే. సిట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర హిస్టమిన్ వెళ్ళి కూర్చునే చోటుని ముందే ఆక్రమిస్తుంది. కొన్ని మొక్కల పదార్థాలు అంతకన్నా ముందు మెట్టు మీదే, ఆ కణం హిస్టమిన్ వదలకుండా ఆపుతాయి. ఉల్లిపాయలో, మునగాకులో ఉండే క్వెర్సెటిన్ అలాంటిదే. ప్రయోగశాలలో, గాజు పాత్రలోని కణాల మీద అది బాగా పనిచేస్తుంది. మనిషి తిన్నాక దానిలో రక్తంలోకి చేరేది కొంచెమే. గాజు పాత్రకీ మనిషికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గుర్తుపెట్టుకుంటే మందుల ప్రకటనల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

అయితే ఆ దూరాన్ని దాటిన మొక్కలూ ఉన్నాయి. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఈజిప్టు వైపు పెరిగే ఒక వాము జాతి మొక్క గింజల్లో ఖెల్లిన్ అనే పదార్థం ఉంది. రోజర్ ఆల్టున్యాన్ అనే డాక్టరు తానే ఆస్తమా రోగి. ఖెల్లిన్ నుంచి తయారు చేసిన పదార్థాలను ఒకదాని తర్వాత ఒకటి తన మీదే పరీక్షించుకున్నాడు. అలా 1965 నాటికి దొరికింది క్రోమోగ్లైకేట్. కళ్ళ అలర్జీకి వేసే చుక్కల మందుగా ఇప్పటికీ అది దుకాణాల్లో ఉంది. జపాన్ శాస్త్రవేత్త నాగై 1885లో ఎఫెడ్రా మొక్క నుంచి ఎఫెడ్రిన్‌ని వేరు చేశాడు. ఒకప్పుడు ఆస్తమాకి అదే పెద్ద మందు. గుండె దడ, బీపీ పెంచుతుందని తర్వాత దాన్ని పక్కన పెట్టి ఇంకా మేలైనవి తెచ్చుకున్నారు.

ఇక మన గట్ల మీద, కంచెల్లో పెరిగే అడ్డసరం సంగతి. పశువులు ముట్టవు కాబట్టి కంచెకి వేస్తారు. దాని ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. కఫం కరిగించే సిరప్ సీసా వెనుక చూడండి, ఈ రెండిట్లో ఒక పేరు తరచుగా కనబడుతుంది. మన అవ్వలు దగ్గుకి అడ్డసరం కషాయం ఇచ్చింది ఊరికే కాదు. కానీ అది కఫాన్ని పలచబరిచే మందు, అలర్జీ మూలాన్ని ఆపేది కాదు. పైగా గర్భిణులు అసలు వాడకూడదు. వాసిసిన్ గర్భసంచి ముడుచుకునేలా చేస్తుంది.

మూడు భాషల్లో పేరు అడగండి

మా ఊళ్ళో ఒకే వీధిలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడతాయి. సంతలో ఇది పెద్ద చిక్కు. అడ్డసరాన్ని ఒడియాలో బాసంగ అంటారు, తిప్పతీగను గుళుచి అంటారు. కొండ మీదినుంచి దిగిన సవర అవ్వకి దానికి తనదైన పేరు ఉంటుంది. పేరు మారితే మొక్కే మారిపోయే ప్రమాదం ఉంది. నల్ల జీలకర్ర అని అడిగితే ఒక కొట్టువాడు మూడు పలకల నల్ల గింజ ఇస్తాడు, ఇంకొకడు నిజంగా జీలకర్రలాగే సన్నగా నల్లగా ఉండేది ఇస్తాడు. రెండూ వేరు వేరు మొక్కలు. అలర్జీ తుమ్ముల మీద చిన్న చిన్న ప్రయోగాలు జరిగింది థైమోక్వినోన్ అనే పదార్థం ఉన్న మూడు పలకల గింజ మీద.

తిప్పతీగ విషయంలో ఈ తేడా ప్రాణం మీదికి రావచ్చు. 2005లో వచ్చిన ఒక ప్రయోగంలో అలర్జీ తుమ్ములున్న 75 మందిని తీసుకుని, కొందరికి తిప్పతీగ సారం, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర 8 వారాలు ఇచ్చి చూశారు. తిప్పతీగ వాడినవాళ్ళకి బాగా తగ్గింది. అది చదివి మేమూ సంతోషించాం. కరోనా రోజుల్లో ఊరంతా తిప్పతీగ తాగింది. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 6 మంది వివరాలు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దానిలాగే కనిపించే మరో తీగ అయి ఉంటుందని ఆయుష్ శాఖ అంది. ఆ తర్వాత ఇంకొన్ని ఊళ్ళ డాక్టర్లు అసలు తిప్పతీగతోనే ఇలా జరిగిన కేసులు చూపించారు. కాబట్టి నా మాట ఇది: కాలేయ జబ్బు, కొన్ని థైరాయిడ్ జబ్బుల్లాంటి స్వీయ రోగనిరోధక జబ్బులు (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద పడేవి) ఉన్నవాళ్ళు తిప్పతీగ జోలికి వెళ్ళకండి. మిగతావాళ్ళు కూడా డాక్టరుని అడగకుండా నెలల తరబడి తాగకండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

సంతలో కొనేటప్పుడు పొడి కొనకండి, ఆకో కాడో కొనండి. ఆకుని చేత్తో పట్టుకుని, పూత చూసి, తెలిసినవాళ్ళకి చూపించి గుర్తుపట్టొచ్చు. పొడిని ఎవరూ గుర్తుపట్టలేరు. మహేంద్రగిరి నుంచి వేళ్ళతో సహా పెరికి తెచ్చినవి కొనకండి. ఆ కొండని 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. పెరట్లో అడ్డసరం కొమ్మ గుచ్చితే బతుకుతుంది, తులసికి చెప్పనే అక్కర్లేదు.

పసుపు ఎలా వాడాలి

అందరి ఇళ్ళలో ఉండేది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

పసుపులో పనిచేసేది కుర్కుమిన్. 2016లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పొడవునా ముక్కు అలర్జీ ఉన్న 241 మందిని తీసుకుని రెండు నెలలు చూశారు. కుర్కుమిన్ తీసుకున్నవాళ్ళకి తుమ్ములు, కారడం, బిగుసుకోవడం తగ్గాయి. కానీ వాళ్ళు వాడింది వేరు చేసిన కుర్కుమిన్. మన పసుపులో అది సుమారు 3 శాతం. అర టీ చెంచా పసుపు ఒకటిన్నర గ్రాము అనుకుంటే అందులో కుర్కుమిన్ 45 మిల్లీగ్రాములు. అదీ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, రక్తంలోకి సరిగా ఎక్కదు.

కాబట్టి పసుపుని నూనెలోనో నెయ్యిలోనో వేడి చేసి, మిరియం పొడి చిటికెడు వేసి వాడండి. మిరియంలోని పైపరిన్ కలిస్తే కుర్కుమిన్ రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పాలైతే వెన్న తీయనివి, ఒక గ్లాసుకి పావు నుంచి అర టీ చెంచా, రాత్రి పూట. పాలు పడనివాళ్ళు పప్పులో పోపుతో పాటు వేసుకున్నా సరిపోతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. పైపరిన్ కుర్కుమిన్‌ని మాత్రమే పెంచదు. ఆస్తమాకి వాడే థియోఫిలిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, బీపీకీ గుండె దడకీ వాడే ప్రొప్రనలాల్ రక్తంలో మోతాదు కూడా పెంచుతుంది. కూరలో మిరియానికి భయపడనక్కర్లేదు. కుర్కుమిన్, పైపరిన్ కలిపిన కాప్స్యూళ్ళు వాడాలనుకుంటే మాత్రం మీ మాత్రల చీటీ డాక్టరుకి చూపించాకే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు కూడా అంతే.

పసుపు కొమ్ములుగా కొని మరలో ఆడించుకోండి. రంగు కోసం పసుపులో సీసం కలిసిన క్రోమేట్ వేసే మోసం ఉంది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. కంధమాల్ హళదికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకి దగ్గరలోనే పండుతుంది. రంగు కాస్త మందంగా ఉన్నా కొమ్ముగా దొరికితే అదే తెచ్చుకోండి.

ఉల్లి, మునగాకు గురించి ఒక్క మాట చాలు: వాటిని కూరగా తినండి, మందుగా కాదు. అతిమధురం దగ్గుకి బాగుంటుందని రోజూ నమిలేవాళ్ళున్నారు. దానిలోని గ్లిసరైజిన్ బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ ఉన్నవాళ్ళు వద్దు.

ఆవిరి పట్టడం, ముక్కు కడగడం

నీలగిరి తైలం, పుదీనా పువ్వు వేసి ఆవిరి పడితే ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది. నిజానికి మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నరాలని తట్టి, గాలి బాగా ఆడుతోందన్న అనుభూతి ఇస్తుంది. లోపలి వాపు అలాగే ఉంటుంది. పెద్దవాళ్ళకి ఆ హాయి చాలనుకుంటే పట్టుకోవచ్చు. పిల్లలకి మాత్రం వద్దు. మరిగే గిన్నె ఒళ్ళో పడి కాలిన పిల్లల్ని నేను చూశాను. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం అసలు పెట్టకండి, దానివల్ల ఫిట్స్ రావచ్చు.

దానికన్నా మేలు చేసేది ఉప్పునీటితో ముక్కు కడగడం. ఇది ఆకు వైద్యం కాదు, అయినా ఏ ఆకుకన్నా ముందు ఇదే చేయమంటాను, ఎందుకంటే లోపల కూర్చున్న పుప్పొడిని, దుమ్ముని బయటికి తోసేస్తుంది. ఒక గ్లాసు నీళ్ళు, అంటే 240 మిల్లీలీటర్లు, బాగా మరిగించి గోరువెచ్చగా చల్లార్చండి. పావు నుంచి అర టీ చెంచా మెత్తని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. బేసిన్ మీద వంగి, తల పక్కకి వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కు రంధ్రంలో పోస్తే కింది దానిలోంచి వస్తుంది. నుయ్యి నీళ్ళు, కుళాయి నీళ్ళు మరిగించకుండా వాడకండి. వాటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరితే బతకడం కష్టం.

ఒకసారికి ఒకటే

కొత్తదేదైనా మొదలుపెడితే నాలుగు వారాలు అదొక్కటే. పసుపు, తులసి, నల్ల జీలకర్ర మూడూ కలిపి మొదలుపెడితే మేలు జరిగినా దేనివల్లో తెలియదు, దద్దురు వచ్చినా దేనివల్లో తెలియదు. రోజూ అదే కొలత, అదే వేళ. చెంచా ఒకటి దానికని పక్కన పెట్టుకోండి, పిడికెడు, చిటికెడు అంటే ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. నోటుబుక్కు ఆపకండి. నాలుగు వారాల తర్వాత మార్కుల సగటు తీసి మొదటి రెండు వారాల సగటుతో పోల్చండి. తేడా లేకపోతే మానేయండి. అవ్వ చెప్పిందని, డబ్బు పెట్టామని కొనసాగించకండి.

ఒంటికి రాసేది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రాసి 48 గంటలు చూడండి.

మొక్కే అలర్జీ తెస్తే

వయ్యారిభామని మా వైపు గాజర్ గాస్ అని కూడా అంటారు. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అదే. దానిలోని పార్థెనిన్ కూడా సహజమైన మొక్క పదార్థమే, అదే చర్మం మీద దద్దురు తెస్తుంది. అది పడనివాళ్ళకి అదే కుటుంబానికి చెందిన చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు, జుట్టుకి రాసుకునే గుంటగలగర కూడా పడకపోవచ్చు. చేమంతి టీ అలర్జీకి మంచిదని విని తాగబోయే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

జీడితోటల్లో, పిక్కలు కొట్టే చోట పనిచేసే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది జీడి నూనె ఎంత పని చేస్తుందో. నల్లజీడి కూడా ఆ కుటుంబమే. గజ్జికీ దురదకీ నల్లజీడి రసం పెట్టడం ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. దయచేసి పెట్టకండి. చర్మం కాలిపోతుంది.

వెర్రిపాల, అదే మేకమేయని ఆకు, ఆస్తమాకి మంచిదని విని ఉంటారు. ఢిల్లీలో శివపురి అనే డాక్టరు 1969 ప్రాంతంలో ఆస్తమా రోగుల చేత రోజుకో ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించి చూశాడు, కొంతమందికి వారాల పాటు మేలు కనిపించింది. నోరు పుండవడం, వాంతులు కూడా కనిపించాయి. ఇంట్లో చేసుకునే పని కాదు ఇది.

ఇన్‌హేలర్ మానకండి

మా అప్ప (అక్క) కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆస్తమా. ఇన్‌హేలర్‌తో బడికి బాగానే వెళ్ళేవాడు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని ఎవరో అంటే అప్ప భయపడింది. ఒకాయన ఇచ్చిన బూడిద రంగు పొడి మొదలుపెట్టి ఇన్‌హేలర్ ఆపేసింది. వారంలోనే ఎంత మార్పో! పిల్లికూత పోయింది, ఆకలి పెరిగింది, బుగ్గలు నిండాయి. అందరం ఆ పొడిని మెచ్చుకున్నాం, నేను కూడా. మూడు నెలలకి పొడి అయిపోయింది. పది రోజులు తిరక్కుండానే ఒక రాత్రి వాడికి ఊపిరాడలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ పెట్టి నిలబెట్టారు. ఆ గుండ్రటి బుగ్గలు చూసి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏం పొడి వాడారమ్మా?’ అని. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని ఆవిడ అనుమానం. ఆకు మందు పేరుతో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ బయటపడిన సందర్భాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. పేరు, దినుసులు, తయారీ లైసెన్సు నంబరు రాయని పొట్లం వారంలో అద్భుతం చేసిందంటే సంతోషపడకండి, అనుమానించండి. ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా మానకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్‌ని హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే.

ఇన్‌హేలర్ అలవాటయ్యే మత్తు కాదు. ఆకు వైద్యం ఏది చేసినా దానికి తోడుగానే చేయాలి, దాని బదులు కాదు. మనిషి ఒక్క వాక్యం కూడా ఆగకుండా మాట్లాడలేకపోతే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతుంటే, పెదవులో నాలుకో వాస్తే కషాయం పెట్టడానికి వెళ్ళకండి. 108కి ఫోన్ చేయండి, ఒడిశాలోనూ అదే నంబరు. వేరుశెనగకో కందిరీగ కాటుకో ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి బిగుసుకుంటే కావలసింది తొడకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఏ మొక్కా ఆ పని చేయదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

చాలామంది డాక్టరు కోప్పడతారని ఆకు మందు సంగతి దాచేస్తారు. దాచకండి. వాడుతున్న ఆకు రెమ్మ ఒకటి కాగితంలో చుట్టి, పొడి అయితే పొట్లంతో సహా తీసుకెళ్ళండి. తెలుగు పేరు, ఒడియా పేరు రెండూ చీటీ మీద రాసుకోండి, ఎందుకంటే బరంపురం పెద్దాసుపత్రిలో తిప్పతీగ అంటే తెలియని డాక్టరుకి గుళుచి అంటే వెంటనే తెలుస్తుంది. చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షకి వెళ్తుంటే సిట్రిజిన్ లాంటి మాత్రలు సుమారు వారం ముందు ఆపమంటారు. ఎన్ని రోజులో వాళ్ళనే అడగండి, మీ కషాయం సంగతి కూడా అప్పుడే చెప్పండి. నోటుబుక్కు తెరిచి ఆ మార్కుల పేజీ ముందు పెట్టండి. మా డాక్టరమ్మ అది చూసి, అప్ప కొడుక్కి పరుపు దులిపిన ప్రతి మర్నాడూ మార్కులు పెరిగాయని వేలు పెట్టి చూపించింది. అంతవరకు మా కంట పడలేదు. ఇప్పుడు వాడి పరుపు వారానికోసారి ఎండలో పడుతుంది, దుప్పట్లు మరిగే నీళ్ళలో ఉడుకుతాయి, పొద్దున్నా రాత్రీ ఇన్‌హేలర్ అలాగే ఉంది, రాత్రి పసుపు పాలు కూడా ఉన్నాయి.